క్రాఫర్డ్స్‌విల్ సముద్ర లిల్లీ: విరిగిన చేతిని అతికించాలా, గిన్నె మీది ముద్దను తొలగించాలా?

ఒండ్రుపొర (ఇండియానాపొలిస్)

సభ్యులందరికీ నమస్కారం. నాలుగేళ్లుగా నేను శిలాజాలు సేకరిస్తున్నాను. ఇంతవరకు నా దగ్గర ఉన్నవన్నీ వాగుల ఒడ్డున ఏరుకున్న విడి ముక్కలు, సముద్ర లిల్లీల (కాడ మీద నిలబడే, పువ్వులాంటి సముద్ర జంతువుల) కాడ బిళ్ళలు మాత్రమే. వయసు మీరిన ఒక సేకర్త గత నెలలో తన వస్తువులను ఇతరులకు అప్పగిస్తుండగా, కాడతో సహా నిలిచిన సముద్ర లిల్లీ ఒకటి మొదటిసారి నా చేతికి వచ్చింది. దానితోపాటు పసుపు పచ్చబడిన చిన్న కాగితం కూడా ఉంది. దాని మీద పెన్సిల్‌తో ప్లాటిక్రైనైటిస్ (ఆ రకం పేరు), క్రాఫర్డ్స్‌విల్, మాంట్‌గోమరీ కౌంటీ, ఇండియానా అని రాసి ఉంది.

బూడిద రంగు ఒండ్రురాతి పలక, అరచేతి కంటే కాస్త పెద్దది. దాని మీద గోధుమ రంగులో 11 సెంటీమీటర్ల కాడ, ఆ పైన దాదాపు 5 సెంటీమీటర్ల కిరీటం, అంటే గిన్నెలాంటి శరీరం, దాని మీది చేతులు ఉన్నాయి. నన్ను ఎక్కువగా ఆకట్టుకున్నది ఆ కాడే. నేను ఇంతవరకు చూసిన బిళ్ళలు గుండ్రంగా ఉండేవి. ఇందులో బిళ్ళలు కోలగా ఉన్నాయి, పైగా ప్రతి బిళ్ళా కింది దానికంటే కొద్దిగా తిరిగి కూర్చుంది. అందువల్ల కాడ మొత్తం ఎవరో పేనిన తాడులా మెలికలు తిరిగి కనిపిస్తుంది. దీపాన్ని పక్కనుంచి పెడితే ఆ మెలిక నీడ పలక మీద పడుతుంది.

ఇక నా సందేహం. చేతుల్లో ఒకటి సగంలో విరిగిపోయింది. గిన్నె పైభాగంలో, చేతులు మొదలయ్యే చోట చింతగింజ కంటే కొంచెం పెద్దదైన ముద్ద ఒకటి అంటుకుని ఉంది. ఇక్కడి శిలాజాల వ్యాపారి ఒకరు ఆ ముద్దను చెక్కివేసి, విరిగిన చేతిని రెజిన్‌తో మలిచి రంగు వేస్తే దీని విలువ రెట్టింపు అవుతుందని చెప్పారు. అమ్మే ఉద్దేశం నాకు లేదు కానీ, చూడడానికి నిండుగా ఉంటే బాగుంటుందన్న ఆశ మాత్రం ఉంది. ఏం చేయమంటారు?

విశ్రాంత అధ్యాపకుడు (విశాఖపట్నం)

దయచేసి ఆ పలకను ఇప్పుడే ఎవరికీ ఇవ్వకండి. ముద్ద సంగతి తేలేదాకా దాని మీద పనిముట్టు పడనివ్వకండి. ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానో కొంచెం వివరిస్తాను.

క్రైనాయిడ్, అంటే సముద్ర లిల్లీ వంటి జంతువు, శరీరం వందల నుంచి వేల కాల్సైట్ ముక్కలతో ఏర్పడుతుంది, వాటిలో ప్రతి ముక్కా ఒకే స్ఫటికం. బతికున్నంత కాలం వాటిని స్నాయువులు, చేతుల్లోనైతే కండరాలు కూడా కలిపి ఉంచుతాయి. ప్రాణం పోయిన కొద్ది రోజులకే అవి కుళ్ళి, జీవి మొత్తం పూసలదండ తెగినట్టు చెల్లాచెదురైపోతుంది. అందుకే ప్రపంచంలో విడి బిళ్ళలకు కొదవ లేదు. అయోవాలోని బర్లింగ్టన్ సున్నపురాయిలో చాలా భాగం ఈ ముక్కలే. న్యూయార్క్‌లోని ఎంపైర్ స్టేట్ భవనానికి తొడిగిన ఇండియానా సున్నపురాతిలో కూడా భూతద్దంతో వెతికితే క్రైనాయిడ్ తునకలు దొరుకుతాయి. వేళ్ళు, కాడ, గిన్నె, చేతులు, చేతుల అంచున ఉండే ఈకల వంటి పిన్యూల్స్ చెదరకుండా దొరకాలంటే మాత్రం ఆ జీవి ప్రాణంతో ఉండగానో, చనిపోయిన వెంటనేనో బురద కింద కప్పబడి తీరాలి.

క్రాఫర్డ్స్‌విల్‌లో జరిగింది అదే. అమెరికా వారు మిసిసిపియన్ అని పిలిచే కాలంలో, దాదాపు 34 కోట్ల సంవత్సరాల క్రితం, అక్కడ లోతు తక్కువైన సముద్రం ఉండేది. పెద్ద డెల్టా ఒకటి అందులోకి ఒండ్రు మోసుకొచ్చేది. ఒండ్రు ఒక్కసారిగా వచ్చి పడినప్పుడు అడుగున నిలబడి ఉన్న క్రైనాయిడ్ల తోట నిలువునా మునిగిపోయింది. అక్కడ అరవైకి పైగా జాతులను గుర్తించారు. మీ పలక మీద ఉన్నది ఆ రోజు ఆ చోట ఏ స్థితిలో ఉన్నవి ఆ స్థితిలోనే ఆగిపోయిన ఒక దృశ్యం. ఆ దృశ్యంలో ఏది లోపమో, ఏది సాక్ష్యమో తేల్చుకోకుండా చెక్కడం మొదలుపెడితే మళ్ళీ వెనక్కి తెచ్చుకోలేము.

ముద్దను పది రెట్ల భూతద్దంతో, పక్కవాటు వెలుతురులో చూడండి. దాని మీద ఒకదాని వెనక ఒకటిగా సన్నని గీతలు ఉన్నాయా? దాని అంచు గిన్నె పలకల ఎత్తుపల్లాలను అనుసరిస్తోందా? ఈ రెండూ చూసి చెప్పండి.

జంతుశాస్త్రం టీచరు (గుంటూరు)

మాస్టారు అడిగిన రెండో ప్రశ్న ఎంత ముఖ్యమైనదో తెలియాలంటే జీవి నిర్మాణం తెలియాలి. సముద్ర లిల్లీ పేరుకే పువ్వు. అది నక్షత్ర చేపకు, సముద్రపు ఉర్చిన్‌కు చుట్టమైన జంతువు. కాడ మీద నిలబడి, చేతులను గొడుగులా విప్పి, నీటిలో కొట్టుకొచ్చే ఆహారపు నలుసులను పట్టుకుని చేతుల లోపలి గాడుల వెంట నోటికి చేర్చుకుంటుంది. నోరు పైముఖంగా ఉంటుంది. మలద్వారం కూడా ఆ పై కప్పు మీదనే, నోటికి కాస్త పక్కగా ఉంటుంది. చేతులు మొదలయ్యే చోట, గిన్నె పై కప్పు దగ్గర ముద్ద ఉందంటే అది సరిగ్గా ఏ ద్వారం మీద కూర్చుందో చూడాలి.

ఇంటర్మీడియట్‌లో జంతుశాస్త్రం చదివినవారికి ఆంటిడాన్ పేరు గుర్తుండే ఉంటుంది. మన పాఠాల్లో దానిని సముద్ర లిల్లీకి ఉదాహరణగా చెబుతారు. నిజానికి పెరిగిన ఆంటిడాన్‌కు కాడ ఉండదు, అది ఈక నక్షత్రం. చిన్నతనంలో మాత్రం కాడ మీద నిలబడి, తరువాత తెంచుకుని వెళ్ళిపోతుంది. జాన్ వాన్ థాంప్సన్ అనే పరిశోధకుడు 1827లో ఐర్లండ్ తీరంలో దొరికిన ఆ పిల్లదశను కొత్త రకం కాడ క్రైనాయిడ్‌గా వర్ణించాడు. అది ఈక నక్షత్రపు బాల్యమేనని 1836లో తానే తేల్చాడు. ఆ ఉదంతాన్ని ఏటా తరగతిలో చెబుతాను, ఎందుకంటే పొరపాటును తానే దిద్దుకున్న పరిశోధకుణ్ణి పిల్లలు ఎప్పుడూ మరచిపోరు. ఈనాడు కాడ ఉన్న క్రైనాయిడ్లు ఎక్కువగా లోతు సముద్రంలోనే మిగిలాయి, లోతు తక్కువ చోట్ల కనిపించేవి ఈక నక్షత్రాలు.

భూతద్దం (హైదరాబాద్)

పై ఇద్దరి మాటా గౌరవిస్తూనే, కొనేవాడి కోణం నుంచి ఒక మాట చెబుతాను. మరమ్మతు అనగానే పాపం అన్నట్టు చూడనక్కరలేదు. చెప్పకుండా చేసిన మరమ్మతే మోసం.

అయిదేళ్ల క్రితం మొరాకో పలక ఒకటి కొన్నాను. స్కైఫోక్రైనైటిస్ అని పిలిచే రకం. సిలూరియన్, డెవోనియన్ కాలాల సరిహద్దు నాటిది, అంటే దాదాపు 42 కోట్ల సంవత్సరాల నాటిది. ఎర్ఫూద్ పరిసరాల ఎడారి నుంచి ఇటువంటి పెద్ద పలకలు ప్రపంచమంతటికీ వెళుతుంటాయి. నా పలక మీద ఏడు కిరీటాలు ఉన్నాయి. గోడకు ఆనించి పెట్టి ఏడాది పాటు చూసి మురిసిపోయాను. ఒక రోజు దుమ్ము తుడుస్తూ అసిటోన్‌లో ముంచిన దూదిని ఒక మూల రాస్తే దూది గోధుమ రంగుకు తిరిగింది. భూతద్దంతో చూస్తే మూడు కిరీటాల చేతులు రాతిలోకి గాడులు గీసి రంగు పూసినవి. రెండు కాడలు వేరే పలకల నుంచి తెచ్చి అతికించినవి. అమ్మినవాడు ఒక్క ముక్క కూడా చెప్పలేదు. నాలుగు అసలు కిరీటాలు మాత్రం నిజంగా గొప్పవి, వాటి కోసమే పలకను ఉంచుకున్నాను.

ఆ తరువాత నేర్చుకున్నవి ఇవి. నిజమైన క్రైనాయిడ్ ముక్క విరిగిన చోట కాల్సైట్ నున్నని ఏటవాలు ముఖాలుగా తెగుతుంది, దీపం కదిలిస్తే ఆ ముఖం ఒక్కసారిగా తళుక్కుమంటుంది. రెజిన్ అలా మెరవదు, దానిలో గాలి బుడగలు కనిపిస్తాయి. చీకట్లో అతినీలలోహిత దీపం వేస్తే జిగురు, పూత ఎక్కువగా నీలి తెలుపు రంగులో వెలుగుతాయి. కాడ బిళ్ళల వెడల్పు హఠాత్తుగా మారితే, కిరీటం ఒక తలంలో, కాడ ఇంకో తలంలో ఉంటే అనుమానించాలి. ఆమ్లం చుక్క మాత్రం వేయకండి, నకిలీ బయటపడేలోపే అసలు పాడవుతుంది.

ఒండ్రుపొర గారూ, విరిగిన చేతిని అతికించి, ఆ సంగతి లేబుల్ మీద స్పష్టంగా రాస్తే నాకు అభ్యంతరం లేదు. ముద్ద విషయంలో మాస్టారు చెప్పినట్టే ఆగండి.

సున్నపురాయి (ఆస్టిన్)

నేను వారాంతాల్లో శిలాజాలను శుభ్రపరిచే పని చేస్తాను. టెక్సస్‌లోని పెన్సిల్వేనియన్ (మిసిసిపియన్ తరువాతి) కాలపు క్రైనాయిడ్లతో మొదలుపెట్టి, ఇండియానావి కూడా కొన్ని చేశాను. చెక్కివేయడం అన్న మాట వినగానే గుండె ఝల్లుమంది.

ఒండ్రురాయిని తీసే పద్ధతి వేరు. పైపైన మందంగా ఉన్నదాన్ని ఎయిర్ స్క్రైబ్‌తో, అంటే గాలి ఒత్తిడితో కదిలే సన్నని సూదితో తీస్తాము. శిలాజానికి ఒకటి రెండు మిల్లీమీటర్ల దూరంలో సూది ఆపేసి, అక్కడి నుంచి సూక్ష్మదర్శిని కింద డోలమైట్ పొడినో, వంటసోడానో సన్నని ధారగా చిమ్ముతూ రేణువు రేణువుగా ఊడ్చుకుంటూ వస్తాము. ఒత్తిడి తగ్గించుకోవడం తెలియనివాడు చేస్తే పలకల మీది సన్నని అలంకారమంతా అరిగిపోయి, సబ్బు బిళ్ళలా నున్నగా మిగులుతుంది. వదులుగా ఉన్న ముక్కలను నిలబెట్టడానికి అసిటోన్‌లో కరిగించిన పారలాయిడ్ బి-72 అనే జిగురు వాడతాము. కావాలంటే మళ్ళీ అసిటోన్‌తో కరిగించి తీసేయవచ్చు. ఏ పదార్థం వాడినా తరువాత వచ్చేవారు దానిని విప్పగలిగేలా ఉండాలి. ఎపాక్సీ రెజిన్‌కు ఆ గుణం లేదు.

విరిగిన చేయి సంగతి. విరిగిన ముఖం మీద ఒండ్రు ఇంకా అంటుకుని ఉంటే అది ఆనాడే విరిగినది. నున్నగా, తాజాగా మెరుస్తుంటే తవ్వినవారి ఉలి తగిలింది. మూడో అవకాశం కూడా ఉంది. క్రైనాయిడ్లు పోగొట్టుకున్న చేతిని మళ్ళీ పెంచుకుంటాయి. లావుపాటి మొదలు మీద నుంచి సన్నని చేయి హఠాత్తుగా మొలిచినట్టు కనిపిస్తే అది ఏ చేపో కొరికిన తరువాత తిరిగి పెరుగుతున్న చేయి కావచ్చు. అలాంటి దానిని కత్తిరించి నిండు చేయి మలిచిన పలకను ఒకసారి చూశాను. ఇప్పటికీ బాధ కలుగుతుంది.

నెకర్ తీరం (స్టుట్‌గార్ట్)

ఈ చర్చ చదువుతుంటే మా దగ్గరి హోల్‌త్స్‌మాడెన్ గురించి చెప్పాలనిపించింది. ఇక్కడి హాఫ్ మ్యూజియంలో 18 మీటర్ల పొడవు, 6 మీటర్ల వెడల్పు ఉన్న క్రైనాయిడ్ పలక ఉంది. దాదాపు 18 కోట్ల సంవత్సరాల నాటి నల్లని పొరరాయి, దాని మీద సైరోక్రైనస్ అనే రకం గుంపుగా ఉంది. మొదటిసారి ఆ గదిలోకి అడుగుపెట్టినప్పుడు మాట రాలేదు. నీటిలో తేలే దుంగ ఒకటి, దానికి అంటుకుని తలకిందులుగా వేలాడిన వందల కిరీటాలు, మీటర్ల కొద్దీ సాగిన కాడలు. మోయలేనంత బరువు పెరిగాక దుంగ మునిగి, ప్రాణవాయువు దాదాపు లేని అడుగుకు చేరింది. అక్కడ వాటిని చెదరగొట్టే జీవి ఏదీ లేదు.

అవి నిజంగా దుంగల మీద బతికాయా, అడుగున బతికినవి దుంగ కింద చిక్కాయా అన్న వాదం దాదాపు రెండు శతాబ్దాలుగా నడుస్తోంది. అలాంటి తేలే దుంగ పదేళ్లకు పైగా, బహుశా ఇరవై ఏళ్ల దాకా నిలిచి ఉండవచ్చని 2020లో ఒక పరిశోధక బృందం లెక్క కట్టింది. ఇప్పటి సముద్రంలో అది సాధ్యం కాదు. చెక్కను తొలిచే నౌకాపురుగులు దుంగను అంతకాలం ఉండనివ్వవు. ఆ పురుగులు ఆ దుంగల కాలం తరువాతే బయలుదేరాయి.

ఈ వాదమంతా దేని మీద నడిచిందో గమనించండి. ఏ కాడ దుంగ మీద ఎక్కడ అంటుకుంది, ఏ వైపు కిరీటాలు ఎక్కువ, పెద్దవి ఏ చివరన ఉన్నాయి అన్న వివరాల మీద. ఎవరైనా అందం కోసం నాలుగు కిరీటాలను జరిపి ఉంటే ఆ వివరమంతా అబద్ధమై ఉండేది. ఆ ప్రాంతం 1979 నుంచి రక్షిత తవ్వకాల ప్రాంతం. కొన్ని క్వారీల్లో సందర్శకులు రుసుము చెల్లించి పొరలు విప్పి చూసుకోవచ్చు, గొప్పది దొరికితే మాత్రం అప్పగించాలి. నాకు దొరికినవి మూడు చిన్న కాడ ముక్కలు. వాటిని ఎంతో ప్రేమగా దాచుకున్నాను.

కోనసీమ తీరం (కాకినాడ)

విషయానికి దగ్గరగానే ఒక హెచ్చరిక. ఇంగ్లండ్‌లోని లైమ్ రీజిస్, చార్మత్ తీరాల పెంటాక్రైనైటిస్ అనే క్రైనాయిడ్లను చూసినవారికి తెలుసు, పైరైట్ (ఇనుము, గంధకం కలిసిన ఖనిజం) పూతతో బంగారు తీగల్లా మెరుస్తాయి. అరచేతి వెడల్పు ముక్కను మా అన్నయ్య లండన్ నుంచి తెచ్చి ఇచ్చాడు. రెండు వానాకాలాలు అద్దాల బీరువాలో ఉంచాను. మూడో ఏట తలుపు తీయగానే గంధకం వాసన వచ్చింది, చేతుల మధ్య తెల్లని, పసుపు పచ్చని పొడి లేచింది. తేమ తగిలి పైరైట్ ఆక్సీకరణ చెంది, లోపలి నుంచే శిలాజాన్ని తినేసింది. కింద పరిచిన లేబుల్ కూడా ఆమ్లానికి మాడిపోయింది.

సముద్ర తీరాన ఉండేవారు పైరైట్ శిలాజాలను గాలి చొరబడని డబ్బాలో, సిలికా జెల్ సంచులతో, తేమ కొలిచే చిన్న మీటరుతో ఉంచాలి. తేమ 60 శాతం దాటితే ప్రమాదం. లేబుల్‌ను వేరే కవరులో పెట్టండి. క్రాఫర్డ్స్‌విల్ పలకలో పైరైట్ కనిపించకపోతే ఇంత భయం అక్కరలేదు.

ఒండ్రుపొర (ఇండియానాపొలిస్)

అందరికీ ధన్యవాదాలు. టీచరు గారి వివరణ చదివాక ముద్దను కొత్త కళ్ళతో చూశాను. నిన్న రాత్రి పది రెట్ల భూతద్దంతో, మేజా దీపం పక్కకు వంచి, గంటసేపు అలాగే కూర్చున్నాను. ముద్ద చాలా భాగం ఒండ్రుతో కప్పబడి ఉంది. కానీ ఒక వైపున, దాదాపు 4 మిల్లీమీటర్ల మేర, ఒండ్రు రాలిన చోట సన్నని గీతలు వంపు తిరిగి సమాంతరంగా ఉన్నాయి. మాస్టారు, మీరు అడిగింది ఇదేనా?

మరో సంగతి. విరిగిన చేతి ముఖం దీపం కదిలిస్తే తళుక్కుమంటోంది. ఒండ్రు లేదు. సున్నపురాయి గారు చెప్పినదాన్ని బట్టి ఇది ఉలి దెబ్బేనేమో.

విశ్రాంత అధ్యాపకుడు (విశాఖపట్నం)

అదే. ముద్ద అన్నది నత్త అయి ఉండాలి. ప్లాటిసెరాస్ అనే నత్త. క్రాఫర్డ్స్‌విల్ ప్లాటిక్రైనైటిస్ మీద ఇది కూర్చుని ఉన్న నమూనాలు పాతకాలం నుంచీ తెలుసు. మలద్వారం మీద బోర్లించిన టోపీలా కూర్చుని, క్రైనాయిడ్ విసర్జించేది తింటూ బతికేదని చాలాకాలం అనుకున్నారు. తరువాత కొన్ని క్రైనాయిడ్ల గిన్నెలో ఆ నత్త తొలిచిన రంధ్రాలు కనిపించాయి. నత్త ఉన్న క్రైనాయిడ్లు లేనివాటికంటే చిన్నవిగా ఉంటున్నాయన్న పరిశీలనలు కూడా వచ్చాయి. అంటే లోపలి ఆహారాన్ని కాజేసే దొంగ కూడా అయి ఉండవచ్చు. ఆ చర్చ ముగియలేదు.

నాకు అన్నిటికంటే ఆశ్చర్యం కలిగించేది దాని మూతి అంచు. ఈ నత్త కదలకుండా ఒకేచోట జీవితమంతా గడిపింది. పెంకు పెరిగే కొద్దీ అంచు కింద ఉన్న గిన్నె పలకల బుడిపెలు, గుంటలకు అచ్చంగా సరిపడేలా వంపులు తిరిగింది. మీరు చెప్పిన గీతలు ఆ పెరుగుదల గీతలే అయితే, అంచు దగ్గర అవే వంపులు మళ్ళీ మళ్ళీ కనిపించాలి. ఇది ఎంతోకాలం కలిసి బతికిన రెండు జీవుల సంబంధానికి నేరుగా దొరికిన ఆధారం. దీనిని లోపంగా చూసి చెక్కివేయమన్నారని తలచుకుంటే చేతులు వణుకుతాయి.

లేబుల్ గురించి కూడా ఒక మాట. బర్లింగ్టన్‌లో కిరాణా దుకాణం నడుపుకునే చార్లెస్ వాక్స్‌ముత్ ఆరోగ్యం బాగాలేక, వైద్యుడు ఆరుబయట తిరగమంటే, రాళ్ళు ఏరడం మొదలుపెట్టాడు. ఆయన మొదటి సేకరణను 1873లో ప్రకృతి శాస్త్రవేత్త లూయీ అగాసీ హార్వర్డ్ మ్యూజియం కోసం కొన్నాడు. తరువాత న్యాయవాది ఫ్రాంక్ స్ప్రింగర్‌తో కలిసి రాసిన అమెరికా క్రైనాయిడ్ల బృహద్గ్రంథం వాక్స్‌ముత్ మరణించిన మరుసటి ఏడాది, 1897లో వెలువడింది. స్ప్రింగర్ తన సేకరణను 1911లో వాషింగ్టన్‌లోని జాతీయ మ్యూజియంకు ఇచ్చాడు. కిరాణా వ్యాపారి, వకీలు ఏరిన రాళ్ళు నేటికీ పరిశోధకులకు పనికొస్తున్నాయంటే, ఏది ఎక్కడ దొరికిందో రాసి పెట్టారు కాబట్టే. మీ పలకతో వచ్చిన పెన్సిల్ కాగితం మీ పలకలో భాగమే.

భూతద్దం (హైదరాబాద్)

నత్త సంగతి తెలిశాక ముద్దను ముట్టుకోవద్దని నేనూ గట్టిగా చెబుతున్నాను. చేయి విషయంలో మాత్రం నా అభిప్రాయం మారలేదు. అది ఉలి దెబ్బ. 34 కోట్ల ఏళ్ల నాటి సాక్ష్యం కాదు, ఎవరో పొరపాటున చేసిన గాయం. తీసేయగలిగే పదార్థంతో, రంగు కొద్దిగా తేడాగా ఉంచి, దగ్గరగా చూస్తే తెలిసేలా నింపితే తప్పేముంది? పెద్ద మ్యూజియంలు కూడా అస్థిపంజరాల్లో లేని ఎముకలను అలాగే చేర్చి చూపిస్తాయి కదా.

జంతుశాస్త్రం టీచరు (గుంటూరు)

మీ వాదనలో న్యాయం ఉంది, కానీ డైనోసార్‌లో లేని ఎముక ఎలా ఉంటుందో ఎడమవైపు ఎముకను చూసి కుడివైపుకు చేయగలరు. ప్లాటిక్రైనైటిస్ చేయి ఎన్నిచోట్ల చీలుతుంది, ఎంత పొడవు ఉంటుంది, ఆ రోజు అది ఏ వైపుకు వంగి ఉంది అన్నవి ఒక్కో చేతికీ వేరు. నింపేవారు ఊహించుకోవలసిందే.

మా ఇంట్లో అమ్మమ్మగారి సాలగ్రామం ఒకటి ఉంది. గండకీ నది నుంచి వచ్చినది, అంచు కొంత విరిగింది. విగ్రహం భిన్నమైతే పూజకు పనికిరాదు కానీ, సాలగ్రామం విరిగినా దోషం లేదని ఆవిడ చెప్పేవారు. అది మనిషి చెక్కింది కాదు కనుక మనిషి పూర్తి చేయవలసిందేమీ లేదని ఆవిడ లెక్క. అదీ అమ్మోనైట్ అనే పురాతన సముద్ర జీవి శిలాజమేనని నేను చదువుకున్నాక చెబితే, అయితే ఇంకా మంచిదే అన్నారు. విరిగిన ఆ అంచులోనే లోపలి గదుల గోడలు కనిపిస్తాయి, నా విద్యార్థులకు చూపించేది ఆ అంచునే.

సున్నపురాయి (ఆస్టిన్)

మరో చిన్న విషయం, ఒండ్రుపొర గారు పని అప్పగించేముందు తెలుసుకోవలసింది. క్రైనాయిడ్ రంగును ఏ కారణంగానూ పాడు కానివ్వకండి. ఇండియానా, అయోవా, ఒహైయోల్లోని ఆ కాలపు క్రైనాయిడ్లలో ఒకే పలక మీద పక్కపక్కనే ఉన్న వేరు వేరు జాతులు వేరు వేరు ఛాయల్లో కనిపిస్తాయి. అయోవాలోని లె గ్రాండ్ క్వారీ పలకలు దీనికి పేరుపడ్డవి, అక్కడ పొలం చేసుకుంటూనే జీవితమంతా వాటిని సేకరించిన బి. హెచ్. బీన్ పేరు ఇప్పటికీ గౌరవంగా తలుస్తారు. ఆ శిలాజాల్లో క్వినోన్ల వంటి సేంద్రియ అణువులు నిలిచి ఉన్నాయని ఒహైయో స్టేట్ విశ్వవిద్యాలయ బృందం 2013లో ప్రకటించింది. అందుకే మెరుపు కోసం నూనె, వార్నిష్ వంటివి పూయనివ్వకండి. అంతటా పూసిన పూత రేపటి పరీక్షకు అడ్డం.

ఒండ్రుపొర (ఇండియానాపొలిస్)

మూడు వారాల తరువాత రాస్తున్నాను. పలకను ఆ వ్యాపారికి ఇవ్వలేదు. సున్నపురాయి గారు సూచించిన పద్ధతిలోనే పనిచేసే నిపుణుడికి అప్పగించి, చివరి రెండు గంటలు నేను కూడా పక్కన కూర్చున్నాను.

వంటసోడా ధారను చాలా తక్కువ ఒత్తిడిలో వాడారు. సూక్ష్మదర్శినికి బిగించిన తెర మీద చూస్తుంటే, బూడిద రంగు ఒండ్రు పొగలా లేచి పోతూ, దాని కింద నుంచి పెంకు అంగుళంలో వందో వంతు చొప్పున బయటపడింది. ముందు వంపు, తరువాత గీతలు, చివరగా అంచు. అంచు నిటారుగా లేదు. మూడు చోట్ల లోపలికి నొక్కుకుంది, ఆ మూడు నొక్కులూ గిన్నె పై కప్పు పలకల మూడు బుడిపెల మీద సరిగ్గా కూర్చున్నాయి. మాస్టారు చెప్పినట్టు ఆ నొక్కులు అంచు దగ్గరే కాక, వెనక్కి నాలుగైదు గీతల దాకా అలాగే ఉన్నాయి. ఆ నిపుణుడు ధార ఆపేసి, కుర్చీ నా వైపుకు జరిపి, ఇక మీరే చూడండి అన్నారు. చాలాసేపు చూశాను.

చేయి గురించి బాగా ఆలోచించాను. భూతద్దం గారి మాట కొట్టిపారేయలేదు. కానీ ఆ నున్నటి తళుకు ముఖాన్ని ఇప్పుడు చూస్తే లోపల కాల్సైట్ ఒకే స్ఫటికంగా ఎలా ఉందో తెలుస్తోంది, టీచరు గారి సాలగ్రామం అంచులా. దానిని అలాగే వదిలేశాను. వదులుగా కదులుతున్న రెండు పిన్యూల్ ముక్కలకు మాత్రం పారలాయిడ్ చుక్క వేయించాను.

నెకర్ తీరం (స్టుట్‌గార్ట్)

చదువుతుంటే కళ్ళకు కట్టినట్టుంది. లేబుల్ మీద చివరికి ఏం రాశారు?

ఒండ్రుపొర (ఇండియానాపొలిస్)

పాత పెన్సిల్ కాగితాన్ని ఆమ్లరహిత కవరులో పెట్టి పలక పెట్టెలోనే ఉంచాను. కొత్త కాగితం మీద ఇలా రాశాను: ప్లాటిక్రైనైటిస్, మలద్వారం మీద ప్లాటిసెరాస్ నత్త; మిసిసిపియన్; క్రాఫర్డ్స్‌విల్, మాంట్‌గోమరీ కౌంటీ, పాత లేబుల్ ప్రకారం; ఒక చేయి తవ్వినప్పుడు విరిగినది, పూరించలేదు; సోడా ధారతో శుభ్రం చేసినది; పారలాయిడ్ బి-72 రెండు చోట్ల, వెనుక పటంలో గుర్తించినవి.

కాగితం వెనుక పలక పటం గీసి ఆ రెండు చుక్కలూ పెట్టాను. మాస్టారు, నత్త అంచు దగ్గరి నొక్కుల ఫొటోలు రేపు పక్కవాటు వెలుతురులో మరోసారి తీసి ఇక్కడే పెడతాను. మూడో నొక్కు ఫొటోలో నీడలో పడిపోయింది.